లాబ్ అటెండరు

శుక్రవారం ఎవరో టోస్టు మాడ్చి ఫైర్ బెల్లు మోగించారు.
అటునుంచటే ఇళ్ళకి పొమ్మన్నారు.
సోమవారం తలుపు తీస్తే
సోడియం హైడ్రాక్సైడ్ సీసా మూత పక్కన పడుంది.
సండర్లాండ్‌లో నవంబరు. సముద్రపు గాలికి
కిటికీ గాజు లోపలివైపు కూడా చెమరుస్తుంది.
తెల్ల గుళికలు కాస్త మెరుస్తున్నాయి,
ఒకటీ అరా అంటుకున్నాయి.
చూశాను.
చూసీ, ఎనిమిది గ్రాములు తూచాను.
తొమ్మిదింటికి పిల్లలొస్తారు, కొత్త సీసాకి ఆర్డరు పెడితే బుధవారం.

పన్నెండో ఏడు వాళ్ళకి అంశమాపనం.
పదహారు బ్యూరెట్లు, పదహారు శంకు కుప్పెలు,
కింద తెల్ల పలకలు.
కన్ను మట్టానికి దించండి, అడుగు అంచు చూడండి
అంటారు హెడ్లీ మాస్టారు.
ఆ ఒంపుకి ఇక్కడ ఏదో గ్రీకు పేరుంది.
మా పాఠంలో నెలవంక.

పదిహేను పుస్తకాల్లో ఇరవై అయిదు.
సరిగ్గా ఇరవై అయిదు, మూడు సార్లూ.
పోయినేడు అక్కల నోటుబుక్కు
బెంచీల కింద చేతులు మారడం సింకు దగ్గర్నుంచి నాకు కనబడుతూనే ఉంది.

నాకు తెలియని విద్య కాదు.
తెనాలిలో మా ఇంటర్ ప్రాక్టికల్స్‌కి
యాభై నోటు నాలుగు మడతలు పెట్టి
అటెండరు కోటయ్య జేబులో వేస్తే
లవణం పేరు చెవిలో పడేది.
ముందు జవాబు, తరవాత ప్రయోగం.
వాయువు రాకముందే వాసన రాశాం.
నాకు ముప్ఫైకి ముప్ఫై.

బెథనీ ఒక్కతే ఇరవై ఆరు పాయింట్ మూడు అయిదు అని రాసింది.
ఎర్ర సిరా: మళ్ళీ చెయ్యి.
మధ్యాహ్నం శాండ్‌విచ్ సంచిలోనే ఉంచి మళ్ళీ చేసింది.
చుక్క పడితే రంగు వచ్చి, కుదిపితే పోయి,
ఇంకో చుక్కకి నిలబడింది:
దానిమ్మ గింజలు కడిగిన నీళ్ళంత లేతగా.
ఇరవై ఆరు, ముప్ఫై అయిదు.
"మిస్, నా కళ్ళేమైనా తేడానా?"

నేను పిపెట్లు కడుగుతున్నాను.
కడిగినవే కడుగుతున్నాను.
ఇక్కడ నా కోటు జేబులో నోటు వేసేవాళ్ళు లేరు,
ఏడాది కాంట్రాక్టు మటుకు ఉంది, మార్చిలో తిరగరాయాలి.
నీళ్ళు వేడిగా ఉన్నాయి. కొళాయి కట్టేశాను.

హెడ్లీ మాస్టారు యాపిల్ కొరుకుతూ మార్కులు వేస్తున్నారు.
"క్షారం పలచబడింది," అన్నాను,
"మూత తెరిచి వదిలింది నేను. తడిసిందని తెలిసే తూచాను.
ఆ అమ్మాయిది సరైన కొలత."
ఇంగ్లీషులో ఇంత పొడుగు వాక్యాలు నేను ఆయనతో ఎప్పుడూ ఆడలేదు.
ఆయన పదిహేను పుస్తకాల దొంతర వైపు చూశారు.
చాలాసేపు చూశారు.
యాపిల్ కొరికినచోట రంగు మారింది.

బెథనీకి చెబితే సంతోషిస్తుందనుకున్నాను,
పోనీ నా మీద కోప్పడుతుందని.
ఆ పిల్ల కాలిక్యులేటర్ తీసింది.
"అయితే మిస్, ఎనిమిది గ్రాముల్లో నీళ్ళెంతో కట్టొచ్చు కదా?"
బల్లమీద పడ్డ చుక్కని మోచేత్తో తుడవబోతే
చెయ్యి పట్టుకుని ఆపాను, కాలుతుంది.
పెదాలు కదిపి లెక్కేసింది, ఓసారి తప్పింది, కొట్టేసి మళ్ళీ వేసింది.
సున్నా పాయింట్ నాలుగు ఒకటి గ్రాములు.

శని, ఆదివారాల్లో ఎవరూ లేని గదికి
కిటికీ సందులోంచి వచ్చిన
సముద్రం బరువు.
ఆ అంకె కింద రెండు గీతలు గీసి
శాండ్‌విచ్ విప్పుకుంది.
లాబ్‌లో తినకూడదని చెప్పాలి.
చెప్పలేదు.